ఇంగ్లండు పల్లెలలో పాత భవనాలను చూడడం ఎట్లా?

మా చరిత్రశాఖ విద్యార్థులు క్రిందటేడు విజయనగరం కోట చూచివచ్చి, అలవాటు ప్రకారం తలా రెండు పేజీలు వ్రాసి నా చేతికిచ్చారు. ఏ కాగితం తీసినా ఒకటే మాట: "కోట చాలా గంభీరంగా ఉన్నది, చూడముచ్చటగా ఉన్నది." నాకు ముందు కోపం వచ్చింది. ఆ తరువాత సిగ్గు వేసింది. ఎందుకంటే, పరిశోధన పని మీద లండనులో ఒక ఏడాది ఉన్నప్పుడు వ్రాసుకున్న డైరీ ఆ రాత్రి తీసి చూస్తే, మొదటి మూడు నెలల పేజీలలో నేను వెలగబెట్టిందీ అదే! "చెరువు బహు సుందరం. ప్రకృతి శోభ వర్ణనాతీతం." ఇట్లాంటివే అన్నీ.

సావనీరుకు వ్యాసం కావాలని యూనియన్ వారు వచ్చినప్పుడు ఈ సంగతే వ్రాద్దామనిపించింది. ఆదివారం వచ్చిందంటే లండనులో రైలెక్కి ఏదో ఒక పల్లెలో దిగడం, అక్కడి పెద్ద భవనమో, పాడుబడ్డ మఠమో చూచి సాయంత్రానికి తిరిగి రావడం నాకు అలవాటుగా ఉండేది. చూడడం చేతకావడానికి మాత్రం చాలా ఆదివారాలు పట్టింది.

నేను "వర్ణనాతీతం" అని వ్రాసింది విల్టుషైరులోని స్టౌర్‌హెడ్ గురించి. కొండల నడుమ చెరువు, గట్టు వెంబడి మహావృక్షాలు, చెట్ల సందుల్లోంచి తెల్లగా రోమన్ దేవాలయం లాంటి కట్టడం ఒకటి. అక్కడ సందర్శకులకు విశేషాలు చెప్పడానికి ఉచితంగా పనిచేసే పెద్దాయన ఒకరు నన్నడిగారు: "ఈ చెరువు ఎంత పాతదనుకుంటున్నారు?" "కొండలంత పాతదే అయివుంటుంది" అన్నాను. ఆయన నవ్వి, "మీరు ఇందాక ఫోటో తీసుకున్నది దాని ఆనకట్ట మీద నిలబడే" అన్నారు. హెన్రీ హోర్ అనే బ్యాంకరు 1750ల ప్రాంతంలో వాగుకు అడ్డుకట్ట వేయించి ఆ చెరువును తయారు చేయించాడు. ఆ దేవాలయంలో ఏనాడూ ఎవరూ పూజ చేసింది లేదు. అది చూపు ఆగడానికి కట్టిన బొమ్మ. 1672లో మొదలైన వారి బ్యాంకు ఇప్పటికీ లండనులో నడుస్తూనే ఉన్నది. అంటే, నేను ప్రకృతి అనుకున్నదంతా ఒక షావుకారు కూలీల చేత తవ్వించిన మట్టిపని. మన ఊళ్ళో చెరువును చూస్తే "ఎవరు తవ్వించారు?" అని అడగకుండా ఉండం కదా, పరాయి దేశం వెళ్ళేసరికి ఆ ప్రశ్న ఏమైపోయిందో!

అప్పటినుంచి భవనం కంటె ముందు నేలను చూడడం మొదలుపెట్టాను. ఈ విద్యకు డబ్ల్యు.జి. హాస్కిన్స్ అనే పండితుడు 1955లో వ్రాసిన గ్రంథం ఒకటి బాట వేసింది. ఇంగ్లండు నేలమీద మనిషి చెయ్యి పడని చోటు దాదాపు లేదనీ, తాళపత్రం మీద గంటపు గీతల్లాగే పొలం గట్లనూ చదువుకోవచ్చుననీ ఆయన పద్ధతి. ఉదాహరణకు కంచెలు తీసుకోండి. అక్కడి పొలాలకు ముళ్ళచెట్ల కంచెలుంటాయి. వంకర టింకరగా పోయే కంచె సాధారణంగా పాతది. స్కేలు పెట్టి గీసినట్లు తిన్నగా ఉంటే అది పార్లమెంటు చట్టాల కాలపుది అనుకోవచ్చు. అందరూ కలిసి పశువులు మేపుకొనే బయళ్ళను, పంచుకొని దున్నుకొనే పెద్ద మళ్ళను విడగొట్టి సొంతదారుల పరం చేయడానికి 1604 నుంచి 1914 వరకు అయిదువేల రెండువందలకు పైగా బిల్లులు చట్టాలయ్యాయి. సుమారు 68 లక్షల ఎకరాలు! ఇంగ్లండులో అయిదో వంతుకు పైమాటే. మేపుకోవడానికి చోటు పోయిన పేదవాడు కూలి అయినాడు, లేదా పట్నం దారి పట్టాడు.

కంచె వయస్సు కట్టడానికి మాక్స్ హూపర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఒక చిట్కా చెప్పాడు. ముప్ఫై గజాల కంచెలో ఎన్ని జాతుల చెట్లూ పొదలూ ఉన్నాయో లెక్కపెడితే, జాతికి ఒక శతాబ్దం చొప్పున వయస్సు వస్తుందట. అన్నిచోట్లా ఈ లెక్క కుదరదని తరువాతివారు తేల్చారనుకోండి. అయినా నేను మోకాళ్ళదాకా దురదగొండి ఆకుల్లో నిలబడి లెక్కపెట్టిన రోజులున్నాయి. అక్కడి దురదగొండి మన దూలగొండికి ఏమీ తీసిపోదు.

సాయంత్రపు ఏటవాలు ఎండలో మధ్య ఇంగ్లండు పచ్చికబీళ్ళను చూస్తే, గడ్డి కింద అలల్లాగా వరుసగా మిట్టలు, పల్లాలు కనిపిస్తాయి. మధ్యయుగాలలో ఎద్దుల నాగళ్ళు దున్నిన చాళ్ళవి. చాలాచోట్ల అవి కొద్దిగా మెలిక తిరిగి ఉంటాయి. పొడుగాటి ఎద్దుల వరుసను మడి చివర తిప్పుకోవడానికి రైతు ముందునుంచే పక్కకు తోలుకుంటూ వచ్చేవాడన్నమాట. ఆ రైతు పోయాడు, ఊరు పోయింది, గొర్రెలు వచ్చాయి, ఎద్దు తిరిగిన మలుపు మాత్రం అట్లాగే ఉన్నది. యార్కుషైరులో వారమ్ పెర్సీ అనే ఊరు ఇట్లాగే ఖాళీ అయింది. 1950 నుంచి 1990 దాకా నలభై ఏళ్ళు ప్రతి వేసవిలోనూ తవ్వకాలు జరిపి ఆ ఊరి ఇళ్ళ పునాదులు, శ్మశానం, చేపల చెరువు బయటపెట్టారు. ఇప్పుడు పైకప్పు లేని చర్చి ఒకటి, చుట్టూ గడ్డి. అక్కడ నిలబడితే మాట్లాడబుద్ధి కాదు.

ఊళ్ళు గొర్రెల కోసమే పోలేదు, చూపు కోసం కూడా పోయాయి. డెర్బీషైరులో కెడిల్‌స్టన్ భవనం 1760ల ప్రాంతంలో కట్టేటప్పుడు అక్కడి పల్లెను ఎత్తి వేరేచోట పెట్టారు. చర్చి ఒక్కటే కదలలేదు. ఇప్పుడది భవనం పక్కన ఊరు లేని గుడిలాగా నిలబడి ఉన్నది. డార్సెట్టులో మిల్టన్ ప్రభువైతే ఏకంగా మిడిల్‌టన్ అనే సంతపట్నాన్నే తీయించేశాడు. తన భవనం కిటికీలోంచి జనం కనిపించకూడదు! కొండ అవతల మిల్టన్ ఆబాస్ అని కొత్త ఊరు కట్టించి, ఒకే అచ్చులో పోసినట్లుండే గడ్డికప్పు ఇళ్ళలోకి కొందరిని తోలాడు. ఒక వకీలు మాత్రం కౌలు గడువు తీరేదాకా కదలనంటే ప్రభువు తూములెత్తించి ఆయన ఇంటిని నీటితో ముంచాడనీ, వకీలు దావా వేసి గెలిచాడనీ చెబుతారు. ఈ రోజు మిల్టన్ ఆబాస్ వీధి క్యాలెండర్ల మీద అందమైన ఇంగ్లీషు పల్లెగా అచ్చవుతుంది. నేనూ ఒక క్యాలెండరు కొన్నాను, దాచడమెందుకు.

ఈ తోటలు వేసినవారిలో అగ్రగణ్యుడు లాన్సలాట్ బ్రౌన్. ఏ ఎస్టేటు చూచినా "దీనికి మంచి అవకాశాలున్నాయి" అనే ధోరణిలో మాట్లాడేవాడు గనుక ఆయనకు కేపబిలిటీ బ్రౌన్ అనే పేరు స్థిరపడింది. ఆ కాలపు తోటలలో నన్ను ఆకట్టుకున్నది పూలూ కావు, చెట్లూ కావు. హాహా అనే గోడ. భవనం ముంగిట పచ్చికకు, అవతల పశువులు మేసే బీడుకు మధ్య లోతుగా కందకం తవ్వి, భవనం వైపు అంచున మాత్రం గోడ కడతారు. ఆవులు దాటి రాలేవు. వరండాలో కూర్చున్న దొరకు మాత్రం గోడ కనపడదు. తన ముంగిలీ, అవతలి బీడూ, ఇంకా అవతలి ఊరి పొలమూ అన్నీ ఒకటే పచ్చని తివాసీ. అడ్డు ఉండనే ఉన్నది, కట్టించినవాడికి కనపడదంతే.

భవనం లోపలికి వస్తే ముందు దివాణపు గది కాదు, వంటిల్లు చూడండి. గోడల మందం, పొయ్యిల సంఖ్య, నౌకర్ల మెట్లు ఎక్కడున్నాయి అన్నది ఆ ఇంటి నిజమైన పటం. ససెక్సులోని అప్‌పార్క్ భవనంలో వంటిల్లు వేరు కట్టడం. అక్కడినుంచి భోజనం నేల కింది సొరంగంలోంచి వచ్చేది. హెచ్.జి. వెల్స్ తల్లి 1880 నుంచి 1893 దాకా ఆ ఇంట్లో గృహనిర్వాహకురాలు. నేలపై వెలుగులో ఒక జాతి, నేల కింద చీకట్లో ఒక జాతి బతికే కథ ఆయన తరువాత వ్రాశాడు. ఆ సొరంగంలో నడిస్తే ఆ ఊహ ఆకాశంలోంచి ఊడిపడలేదని తెలుస్తుంది. ఇక డెర్బీషైరులోనే ఉన్న హార్డ్‌విక్ భవనం 1590లలో ఎలిజబెత్ అనే వితంతువు కట్టించుకున్నది. గాజు ఖరీదైన ఆ రోజుల్లో గోడల కంటె కిటికీలే ఎక్కువా అనిపించేటంత గాజు వాడి, బురుజుల నెత్తిన తన పేరు పొడి అక్షరాలను రాతిలో పెట్టించింది. మైలు దూరం నుంచీ చదువుకోవచ్చు. ఆమె ఏదీ దాచుకోలేదు. ఆ మాటకొస్తే ఆ ధైర్యం నాకు నచ్చింది.

ఈ భవనాలు ఎట్లా మిగిలాయన్నది కూడా తెలుసుకోవలసిందే. 1894లో మరణానంతర ఆస్తిపన్ను వచ్చింది. అప్పుడు గరిష్ఠంగా నూటికి ఎనిమిది, 1949 నాటికి పెద్ద ఎస్టేట్ల మీద నూటికి ఎనభై. ధాన్యం ధరలు పడిపోయాయి, నౌకర్లు దొరకడం మానేశారు, మొదటి యుద్ధంలో వారసులు చనిపోయారు. స్టౌర్‌హెడ్ ఏకైక వారసుడు 1917లో గాయాలతో చనిపోయాడు. తల్లిదండ్రులు చివరకు దాన్ని నేషనల్ ట్రస్టుకు ఇచ్చేశారు. ఇరవయ్యో శతాబ్దంలో వెయ్యికి పైగా పెద్ద భవనాలు నేలమట్టమయ్యాయి. నేషనల్ ట్రస్టును 1895లో స్థాపించిన ముగ్గురిలో ఆక్టేవియా హిల్ అనే ఆవిడ లండను పేదల ఇళ్ళ కోసం పాటుపడిన మనిషి. పేదవాడికి కూర్చోవడానికి పచ్చని చోటు కావాలన్నది ఆవిడ ఆలోచన. ఆ సంస్థ మరుసటి సంవత్సరం కొన్న మొదటి కట్టడం పది పౌన్లకు వచ్చిన ఒక చర్చి గురువుగారి పాత ఇల్లు. దొరల భవనాలు పెద్ద ఎత్తున దాని చేతికి వచ్చింది 1937 తరువాతనే.

మరొక చిత్రం. మనకు బాగా తెలిసిన కర్జను ప్రభువు ఆ కెడిల్‌స్టన్‌లోనే పుట్టాడు. కలకత్తాలోని గవర్నమెంటు హౌసుకు నమూనా కూడా ఆ భవనమే. మన దేశంలో పురాతన కట్టడాల రక్షణ చట్టం ఆయన హయాంలో 1904లో వచ్చింది. స్వదేశానికి తిరిగి వెళ్ళాక లింకన్‌షైరులో టాటర్‌షాల్ కోట నుంచి రాతి పొయ్యిలను పీకి అమెరికాకు తరలించబోతున్నారని తెలిసి, 1911లో కోటను కొని, పొయ్యిలను వెనక్కు తెప్పించి పెట్టించాడు. ఇంగ్లండులో 1913 నాటి చట్టానికి ఆ గొడవ ఒక ప్రేరణ. వంగదేశాన్ని చీల్చిన మనిషి చేతి మీదుగానే ఈ పనీ జరిగింది. రెండూ కలిపి చెప్పకపోతే పాఠం సగమే అవుతుంది.

చూడడానికి ఉపకరణాలేమిటని అడుగుతారు. ఒకటి, ఆర్డ్‌నెన్స్ సర్వే వారి పటం. 1:25,000 కొలతలో ఉండే నారింజరంగు అట్టది కొనండి. అందులో కంచెలు, గుంటలు, పాత ఊళ్ళ జాడలు, ప్రజల కాలిబాటలు అన్నీ గుర్తించి ఉంటాయి. కాలిబాట అక్కడ హక్కు. ప్రభువుగారి పొలం మధ్యలోంచి పోయినా సరే, పటంలో ఆకుపచ్చ గీతలుంటే మీరు నిరభ్యంతరంగా నడవవచ్చు. బయళ్ళలో స్వేచ్ఛగా తిరిగే హక్కు మాత్రం వేరు, అది ఊరకే రాలేదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు ప్రాంతపు కార్మిక యువకులు, వేట కోసం మూసిపెట్టిన కిండర్ స్కౌట్ కొండ మీదికి మూకుమ్మడిగా ఎక్కారు. అయిదుగురు జైలుకు వెళ్ళారు. 1949లో చట్టం వచ్చి, 1951లో ఆ కొండలే ఆ దేశపు మొదటి జాతీయ ఉద్యానవనమయ్యాయి. 2000 నాటి చట్టంతో గాని బీళ్ళూ కొండబయళ్ళలో తిరిగే హక్కు పూర్తిగా స్థిరపడలేదు. రెండవ ఉపకరణం, మంచి బూట్లు. ఈ విషయంలో నేను పొదుపు చేసి రెండు వారాలు కుంటాను.

ఇక నేను అసలు చెప్పదలచిన భవనం దగ్గరకు వస్తాను.

మన దేశపు ధనంతో కట్టిన భవనం చూడాలంటే అందరూ గ్లాస్టరుషైరులోని సెజిన్‌కోట్ చూడమంటారు. కంపెనీ ఉద్యోగం చేసివచ్చిన చార్లెస్ కాకరెల్ కోసం 1805 ప్రాంతంలో ఆయన అన్నే నమూనా గీసి కట్టాడు. ఉల్లిపాయ ఆకారపు రాగి గుమ్మటం, మొగలాయి తోరణాలు. ఇంగ్లండు వర్షంలో ఢిల్లీ నవాబు మేడ నిలబడి తడుస్తున్నట్లు ఉంటుంది. లోపలికి వెళ్తే మాత్రం అంతా గ్రీకు, రోమన్ పద్ధతే. చూడవలసిందే, సందేహం లేదు. కాని అది నోరు తెరిచి చెబుతున్న ఇల్లు. నోరు మెదపని ఇల్లు ఒకటి హెర్ట్‌ఫర్డుషైరులో ఉన్నది, ఉడ్‌హాల్ పార్క్.

బ్రిటిష్ లైబ్రరీలో కంపెనీవారి దస్తావేజులు చదువుతుండగా నాకు మాటిమాటికీ తగిలిన పేరు సర్ థామస్ రంబోల్డు. 1778 నుంచి 1780 దాకా మద్రాసు గవర్నరు. అప్పటికి ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చి పట్టుమని పుష్కరం. జమీందారులు ఎంత ఇవ్వగలరు, రైతు దగ్గర ఎంత గుంజుతున్నారు అన్నది జిల్లాలకే వెళ్ళి విచారించాలని ఒక సర్క్యూట్ కమిటీని వేశారు. రంబోల్డు వస్తూనే దాన్ని ఆపుచేసి, జమీందారులనే మద్రాసుకు రమ్మని తాఖీదులు పంపాడు. గంజాం నుంచి, విశాఖపట్నం నుంచి ఎన్ని వందల మైళ్ళు! పల్లకీలు, పరివారం, దారి ఖర్చులు, నజరానాలు, ఇవన్నీ చివరకు ఎవరి కళ్ళంలోంచి కొలిచి ఉంటారో చెప్పనక్కరలేదు. విజయనగరం రాజా విజయరామరాజుకు ఇష్టం లేకపోయినా సీతారామరాజును దివానుగా ఒప్పుకోక తప్పలేదు. ఈ వ్యవహారాలలో గవర్నరుకు లంచాలు ముట్టాయనీ, జీతానికి ఎన్నోరెట్లు సొమ్ము ఇంగ్లండుకు పంపాడనీ ఆరోపణ. 1781లో డైరెక్టర్లు ఆయనను పదవినుంచి తొలగించారు. పార్లమెంటులో శిక్ష బిల్లు పెట్టారు, 1783లో అది నీరుగారిపోయింది. నేరం రుజువు కాలేదు. చరిత్ర విద్యార్థి ఈ వాక్యం కూడా వ్రాయాలి. రాజుగారి కథ 1794 జూలై 10న పద్మనాభం యుద్ధభూమిలో ముగిసింది. అది మీకు తెలిసినదే.

ఉడ్‌హాల్ పార్క్‌ను రంబోల్డు కోసం థామస్ లెవర్టన్ అనే వాస్తుశిల్పి కట్టిన కాలం 1777 నుంచి 1782. తారీఖులు మరొకసారి చూడండి. సర్కారుల జమీందారులు మద్రాసు దారిలో ఉన్న రోజుల్లో ఇక్కడ గోడలు లేస్తున్నాయి.

వాటన్-ఎట్-స్టోన్ స్టేషనులో దిగి నడిచాను. భవనం 1930ల నుంచి బడి, లోపలికి ప్రవేశం లేదు. కాలిబాట ఉద్యానవనంలోంచి పోతుంది. బీన్ అనే చిన్న ఏరు, దాన్ని వెడల్పు చేసి తీర్చిన నీళ్ళు, అక్కడొకటి అక్కడొకటిగా ఓక్ చెట్లు, అల్లంత దూరాన భవనం. ఒక్క గుమ్మటం లేదు, ఒక్క తోరణం లేదు. ఎంత వెతికినా మన జాడ ఒక్కటీ కనపడదు. లోపల ఒక గది గోడల నిండా అచ్చు చిత్రాలు అతికించి ఉంటాయనీ, అది చాలా ప్రసిద్ధమనీ చదివాను. రంబోల్డు చనిపోయిన తరువాత దాన్ని కొన్నది పాల్ బెన్‌ఫీల్డు, ఆర్కాటు నవాబుకు అప్పులిచ్చి కోట్లకు పడగలెత్తిన మనిషి. ఆయన దివాలా తీసి 1801లో ఒక బ్యాంకరుకు అమ్ముకున్నాడు.

నేషనల్ ట్రస్టు 2020లో తన అధీనంలోని 93 స్థలాలకు వలస రాజ్యాలతోనో, బానిస వ్యాపారంతోనో ఉన్న సంబంధాలను వివరిస్తూ ఒక నివేదిక వేసింది. దేశంలో పెద్ద రభసే జరిగింది. ఆదివారం పూట టీ తాగడానికి వచ్చినవారికి ఈ లెక్కలెందుకని కొందరు, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని కొందరు. ఉడ్‌హాల్ ఆ సంస్థది కాదు గనుక ఆ జాబితాలో లేదు. విజయనగరం పేరు వినాలంటే ఆ తోటలోకి ఎవరో ఒకరు దస్తావేజు చదివి వెళ్ళవలసిందే.

కుక్కను తిప్పడానికి వచ్చిన పెద్దావిడ ఒకరు నన్ను చూచి ఆగి, ఎక్కడినుంచి వచ్చారని అడిగారు. విజయనగరం అని చెప్పాను. "బొంబాయికి దగ్గరా అండీ?" అన్నారు. "దూరమేనండి, మద్రాసు వైపు" అన్నాను. ఈ ఇల్లు ఎవరు కట్టించారో తెలుసా అని నేనడిగితే, "ఎవరో ఇండియాలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి అంటారు, పాపం చివర్లో ఆయనకు ఏవో కోర్టు చిక్కులొచ్చాయట" అన్నారు. అంతా విప్పి చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆవిడ మర్యాదగానే అడిగింది, నేనూ మర్యాదగానే ఆగాను. తరువాత ఆగలేక, గేటు దాకా నడుస్తూ రంబోల్డు మాట, రాజుగారి మాట, తాఖీదుల మాట చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "ముప్ఫై ఏళ్ళుగా రోజూ ఇక్కడ నడుస్తున్నాను" అని ఊరుకుంది. కుక్క అప్పటికే ఏట్లో దిగింది. దాన్ని పిలుస్తూ అటు వెళ్ళి, మళ్ళీ వెనక్కు తిరిగి, "ఆ ఊరి పేరు ఇంకొకసారి చెప్పండి" అన్నది. చెప్పాను. రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి సరిగ్గా అన్నది.